గోడ అవతలికి పాకిన వెదురు

వారం రోజుల ట్రైనింగ్ ముగించుకుని నిజామాబాద్ నుంచి వచ్చిన సాయంత్రం, చేతిలోని బ్యాగు దించకుండానే పెరట్లోకి వెళ్లాను. ఇంట్లో మనుషుల్ని పలకరించకముందే మొక్కల్ని పలకరిస్తానని మా ఆయన ఎప్పుడూ దెప్పుతాడు. ఆ రోజు పలకరించడానికి ఏమీ మిగల్లేదు. తూర్పు గోడ పొడవునా పెంచుకున్న కరివేపాకు, గోరింట, రెండు మల్లె పొదలు, దానిమ్మ అన్నీ ఒకే రంగుకు తిరిగాయి. పాత పసుపు గుడ్డ రంగు. నీళ్లు లేక ఎండిన ఆకు చేతిలో గలగలమంటుంది. ఇవి మెత్తగా, ప్రాణం పోయిన వేళ్లలా వేలాడుతున్నాయి.

మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి రాగానే నీళ్లు పోశానని పిల్లల మీద ఒట్టు వేశాడు. ఒట్టు అక్కర్లేదు, నేల తడిగానే ఉంది.

ఆ కరివేపాకు మొక్క మా అమ్మ ఇచ్చింది. పెద్ద కొడప్‌గల్ అవతల మా తండాలో ఆమె గుడిసె వెనక పెరిగిన చెట్టు పిలక. తడి గోనెసంచిలో చుట్టి, నేను ఈ ఇంట్లో దిగిన రోజున బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మరుసటి ఏడాది ఆమె పోయింది. మా తండాలో నర్సు చదివిన మొదటి ఆడపిల్లను నేను. బాన్సువాడ సర్కారు దవాఖానలో ఉద్యోగం, కాలనీలో సొంత ఇల్లు, పెరట్లో అమ్మ చెట్టు. నా సంపాదన ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పుకునేవి ఈ మూడే.

గోడకు అవతల ఉన్నది రెండంతస్తుల ఇల్లు. దాని యజమానిది పక్క ఊళ్లో తాతల నాటి నుంచి వరి, చెరకు పండించే కుటుంబం. కాలనీలో అందరూ ఆయన్ను పటేల్ అనే పిలుస్తారు, నేను కూడా. మా దానిమ్మ ఆకులు ఆయన వాకిట్లో రాలుతున్నాయని మొదటి ఏడాదే పేచీ పెట్టాడు. కొమ్మలు నరికాను. పాములొస్తాయన్నాడు. గోడ పక్క గడ్డి చెక్కించాను. అయినా ఒకరోజు, నేను బట్టలు ఆరేస్తుంటే, వీధిలో ఎవరితోనో నాకు వినబడేలా అన్నాడు. "అడవిల పుట్టినోళ్లకు ఇంటి సుట్టు గూడ అడవే గావాలె మరి."

నేను బట్టలు ఆరేయడం ఆపలేదు. ఆ మాట మాత్రం లోపలికి వెళ్లి కూర్చుంది.

చెట్లు చచ్చిన మర్నాడు గేటు దగ్గర నిలబడి అడిగాను.

"పటేలా, మా చెట్లకేమైందో ఏమన్న సూసిండ్రా?"

"పురుగువడ్డదేమో సిస్టరమ్మ. ఊళ్లె అంతట అట్లనే ఉన్నది." అంటూ నవ్వాడు. పంటి సందులో చెరకు పీచు ఇరుక్కున్నవాడిలా, సగం మూతితో. ఆ నవ్వు చూడగానే నాకు తెలిసిపోయింది. తెలియడం వేరు, చేతిలో సాక్ష్యం ఉండడం వేరు.

సాక్ష్యం తనంతట తానే దవాఖానకు వచ్చింది. పది రోజుల తర్వాత, చేతులకు ఎర్రగా దద్దుర్లతో ఒకామె నా ముందు కూర్చుంది. పటేల్ పొలంలో కూలికి, అప్పుడప్పుడు ఆయన ఇంట్లో పనికి వచ్చే మనిషి. మా తండా కాదు గానీ మా వాళ్లే. చేతులు కడిగి మందు రాస్తుంటే ఆమె చుట్టూ చూసి, మా లంబాడీ భాషలో, గొంతు తగ్గించి చెప్పింది.

"బాయీ, నీ చెట్లకు మందు కొట్టింది నేనే. గడ్డి మందు. స్టూలేసి, పంపు నా వీపుకు తగిలించి, గోడ మీది నుంచి కొట్టమన్నాడు. చెట్లు నీవని నాకు తెలుసు. కూలికి పోయినదాన్ని, ఎట్లా కాదంటాను?"

ఆమె కళ్లు పైకెత్తలేదు. నేను ఆమె చేతుల్ని పట్టుకునే ఉన్నాను. ఆమె మీద నాకు కోపం రాలేదు, రాకపోగా ఉన్న కోపమంతా ఒక్క మనిషి వైపు మళ్లింది. గ్లవ్స్ లేకుండా ఆ మందు పట్టుకోవద్దని చెప్పి, ఒక జత చేతిలో పెట్టి పంపాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన తల గోక్కున్నాడు.

"స్టేషన్ల చెప్పుదామా?"

"ఏమని చెప్తం? ఆకులు ఎండినయనా? సాక్ష్యం చెప్పిందంటే ఆమె కూలి పోతది."

"అయితే ఇడిసిపెట్టు. చెట్లే గద."

ఆయన మంచివాడు. బస్సు నడుపుతూ రోజుకు వందమంది తిట్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. నాకు ఆ విద్య రాదు. ఆ రోజు కరివేపాకు మొదలును గడ్డపారతో పెకలిస్తుంటే, వేరు లోపల కూడా గోధుమ రంగుకు తిరిగి కుళ్లు వాసన వేసింది. దాన్ని బయటికి లాగి, మట్టి దులిపి, గోడకు ఆనించి నిలబెట్టాను. నువ్వు చూస్తూ ఉండు అని దానితోనే అన్నాను.

ఏం చేయాలో మాత్రం తెలియలేదు. ఆయన చెరకుకు నిప్పు పెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి చాలా ఆలోచనలు చేశాను. రాయడానికి సిగ్గుపడే ఆలోచనలు కూడా. చివరికి దారి ఫోన్లో దొరికింది. దవాఖానలో టీ తాగే వేళ మొక్కల వీడియోలు చూడటం నాకు అలవాటు. ఒకరోజు ఎవరో పరాయి దేశం ఆయన, పక్కింటివాళ్ల వెదురు నేల కింద నుంచి పాకి వచ్చి తన వంటింటి గచ్చు పగలగొట్టిందని లబోదిబోమంటున్నాడు. గచ్చు పగిలిన చోట ఆకుపచ్చ మొలక ఒకటి, సూదిలా నిలబడి ఉంది. ఆ వీడియో ఏడుసార్లు చూశాను. టీ చల్లారిపోయింది.

అడవే కావాలని కదా అన్నాడు. సరే, ఇస్తాను.

నిజామాబాద్ రోడ్డు మీద ఒక నర్సరీ ఉంది. దాని యజమాని ముసలాయన, మొక్క అమ్మేముందు దాని గుణాలు చెప్పకుండా వదలడు. వెదురు కావాలంటే, గుబురుగా ఒకేచోట పెరిగే రకం చూపించాడు.

"గిది మంచిది బిడ్డా. పెట్టినకాడనే ఉంటది. ఎవ్వల జోలికి పోదు."

"జోలికి పోయేది లేదా?"

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఉన్నది. గా మూలకు. సన్న బొంగులు, పసుపు రంగుల ఉంటయి. గది పాకుతది. వేరు లోపల్లోపలనే ఉరుకుతది. మన ఎండలకు నీళ్లు బాగ గావాలె, నీళ్లు దొరికిందంటే ఇగ దాన్ని ఆపుడు కష్టం. సుట్టు మూడడుగుల లోతు మందం ప్లాస్టిక్ షీటు దింపుకోవాలె."

"షీటు వద్దు తాతా. మొక్కలు అయిదియ్యి."

"పక్కన ఇల్లు ఉన్నదా?"

"ఉన్నది."

ఆయన అయిదు మొక్కలూ సంచుల్లో సర్దుతూ, "ఎవల కడుపుమంట వాళ్లకెర్క," అని మాత్రం గొణిగాడు.

ఆ రోజే ఇంకొన్ని కూడా తెచ్చాను. చావని చెట్లు కావాలని అడిగాను. ఆయన కిత్తనార ఇచ్చాడు, కత్తుల్లాంటి ఆకులున్న యుక్కా ఇచ్చాడు, బొంగరంలా గుండ్రంగా ఉండే ముళ్ల కాక్టస్ ఇచ్చాడు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన మొక్కలు, రాళ్లలో పెట్టినా బతుకుతాయట. కిత్తనారను గోడ మొదట్లో, పంపు పట్టుకున్న చెయ్యి ఇటు వాలే చోట వరసగా నాటాను. దాని ఆకు కొస సూదిలా ఉంటుంది. సూదులతో నాకు పాతికేళ్ల పరిచయం.

వెదురుకు గోడ నుంచి మూరెడు దూరంలో గుంతలు తీశాను. స్నానాల గది నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు కాలువ తీసి అటు మళ్లించాను. పశువుల పేడ తెచ్చి పోశాను. మా అమ్మ చెట్టుకు కూడా ఇంత సేవ చేయలేదని ఒప్పుకుంటాను. ప్రేమతో పెంచిన మొక్కను మరిచిపోయే రోజులుంటాయి. పగతో పెంచే మొక్కను ఒక్కరోజు కూడా మరవలేం.

మొదటి ఏడాది వెదురు ఏమీ చేయలేదు. ఉన్న అయిదు బొంగులూ అంతే ఎత్తు నిలబడి, ఎండాకాలంలో ఆకులు చుట్టుకుని, వానల్లో విప్పుకున్నాయి. రెండో ఏడు మోకాలెత్తు పిలకలు నాలుగు లేచాయి, అన్నీ నా వైపే. పటేల్ పై అంతస్తు బాల్కనీలో నిలబడి వాటిని చూసి, "సిస్టరమ్మ, బుట్టలల్లుతవా ఏంది?" అన్నాడు. "అల్లుత పటేలా, మీకే ఇస్త," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయన నిజంగానే నవ్వాడనుకుంటాను.

ఆ రెండో ఏడే ఆయన్ను కుక్క కరిచింది. పిక్క మీద నాలుగు పళ్ల గాట్లతో దవాఖానకు వచ్చాడు. ఆ పూట డ్యూటీ నాదే. బల్ల మీద కూర్చుని ప్యాంటు మోకాలి దాకా ఎత్తాడు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడగాలి, అలాగే కడిగాను. భుజం మీద సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడిచి, మెల్లగా దింపాను. కావాలంటే నొప్పి పెట్టగలను, నొప్పి పెట్టినట్టు ఎవరికీ తెలియదు కూడా. పెట్టలేదు. అక్కడ పెడితే నేను పోగొట్టుకునేది నా పనిని. దాన్ని పోగొట్టుకునేంత విలువ ఆయనకు లేదు.

"నీ చెయ్యి అల్కగున్నది సిస్టరమ్మ," అన్నాడు, చొక్కా చెయ్యి దించుకుంటూ.

"మిగిలిన సూదులకు గూడ టైముకు రావాలె పటేలా. మర్శిపోవద్దు."

"నువ్వుండంగ ఫికరెందుకు?"

అన్ని సూదులూ నేనే వేశాను. ప్రతిసారీ ఇంటికి వచ్చి వెదురుకు ఒక బకెట్ ఎక్కువ పోశాను.

మూడో ఏడు వానలు ముందే పడ్డాయి. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళితే, గోడ పొడవునా నేల బీటలు వారి ఉంది. ఒక్కో బీటలో ఒక్కో మొలక. బొటనవేలంత లావు, గోధుమ రంగు పొరలు చుట్టుకుని. వారంలో నా భుజం దాటాయి. పొద్దున చూసిన ఎత్తు సాయంత్రానికి ఉండేది కాదు. మెట్లెక్కి మా డాబా మీదకు వెళ్లి గోడ అవతలికి చూశాను. పటేల్ ముందటేడు కారు పెట్టుకోవడానికి వాకిలంతా ఎర్రటి పార్కింగ్ టైల్స్ పరిపించాడు. ఆ టైల్స్ మధ్య ఒకటి, దానికి బారెడు దూరంలో మరొకటి, కారు ముందు చక్రం పక్కన ఇంకొకటి. మూడు ఆకుపచ్చ సూదులు.

అబద్ధం చెప్పను. డాబా మీద ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత రెండు నెలలు నా జీవితంలో ఎంతో ఆనందంగా గడిచాయి. ఆయన కొడవలితో కోయించాడు, వారానికి మళ్లీ వచ్చాయి. గడ్డి మందు కొట్టించాడు. ఆ మొలక వాడింది, కానీ నాలుగడుగుల అవతల కొత్తది లేచింది. టైల్స్ ఎత్తి మేస్త్రీతో మళ్లీ పరిపించాడు, అవి మళ్లీ పొంగి వంకరపోయాయి. ఒకరోజు కారు రివర్స్ తీస్తుంటే కింద ఏదో గీసుకున్న చప్పుడు, ఆ వెంటనే ఆయన తిట్లు. నేను వంటింట్లో రొట్టెలు చేస్తున్నాను. ఆ రోజు రొట్టెలన్నీ పూరీల్లా పొంగాయి.

ఇందులో నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. వెదురుకు పగ ఎవరి మీదో తెలియదు. అది మా స్నానాల గది కిందికి కూడా వచ్చింది. మూలన టైలు లేచి, మురుగు పైపు అతుకు విడిపోయి, నీళ్లు వెనక్కి తన్నాయి. మా ఆయన చూసి, "ఏందిది?" అంటే, ఎలుకలు అన్నాను. సెలవు పెట్టి, నేనే గడ్డపార పట్టుకుని, ఆ వేరును మూడు రోజులు తవ్వి తీశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. దవాఖానలో అడిగితే బట్టలుతికానన్నాను. గోడ పక్క వెదురుకు మాత్రం నీళ్లు ఆపలేదు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో పటేల్ మా గేటు ముందుకు వచ్చాడు. ఆదివారం పొద్దున. అరుగు మీద నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పక్కన మా ఆయన పేపరు చదువుతున్నాడు.

"సిస్టరమ్మ, నీ వెదురు నా ఇల్లు పీకుతున్నది."

"అయ్యో. పురుగువడలేదా దానికి?"

ఆయన మొహం మాడింది. మా ఆయన పేపరు కిందికి దించాడు.

"మజాకులు గాదు. వేరు సంపు దాక వచ్చింది. గది పగిలితే నీళ్లకెట్ల? తీసెయ్యి."

"తీసేస్త. ముందుగాల నా చెట్లు ఎట్ల సచ్చినయో చెప్పుండ్రి."

"నాకేం తెల్సు?"

"అయితే నాకు గూడ వెదురు సంగతి ఏం తెల్వది."

ఆయన తిరిగి వెళ్లాడు. గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగాడు. మెడ వెనక చెమట కారుతోంది. వెనక్కి వచ్చి గేటు పట్టుకుని, నా వైపు చూడకుండా, తులసికోట వైపు చూస్తూ అన్నాడు.

"నేనే కొట్టిచ్చిన. గడ్డి మందు. ఆకులు వడుతున్నయని కోపంల జేసిన. తప్పయింది."

"గట్టిగ చెప్పుండ్రి. మా ఆయనకు ఇనవడలే."

మా ఆయన నా మోచేతిని తాకాడు. నేను చెయ్యి తీసేశాను.

"తప్పయింది అంటున్న గద!" ఈసారి వీధి చివర కూరగాయల బండి దగ్గరున్న ఆడవాళ్లు కూడా తిరిగి చూశారు.

పగ తీరాక మనసు ఖాళీ అవుతుందని, ఏదో పోగొట్టుకున్నట్టుంటుందని చాలామంది అంటారు. నాకేమీ అలా అనిపించలేదు. చాలా బాగుంది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను.

ఒప్పందం ఇదీ. ఆయన వైపు గోడ వెంట ఆయన కందకం తవ్వించాలి, నా వైపు నేను. రెండింట్లోనూ మందపాటి ప్లాస్టిక్ షీటు దించి, మట్టి కప్పాలి. అవతల ఉన్న వేరంతా తవ్వి తీసేయాలి. నా వైపు వెదురు ఉంటుంది. ఆయన ఒప్పుకున్నాడు.

తవ్విన రోజు నేను కూడా అవతలికి వెళ్లాను, వేరు ఎక్కడెక్కడికి పోయిందో చూడాలని. ఎర్ర టైల్స్ ఎత్తేశారు. గోడ దగ్గర వేర్లు సన్నగా, పొడి మట్టిలో అక్కడక్కడా ఉన్నాయి. కానీ ఇంటి వెనక, బట్టలుతికే బండ దగ్గరికి వచ్చేసరికి గడ్డపార దిగలేదు. జడలల్లినట్టు వేర్లు. మట్టి నల్లగా, తడిగా, పేడ వాసనతో ఉంది. నేను పోసిన నీళ్లు అంత దూరం రావు. పేడ అసలే గోడ దాటదు. పనివాళ్లు ఆశ్చర్యపోతుంటే, నేను తలెత్తి చూశాను. వంటింటి కిటికీలో పటేల్ భార్య నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకు తప్పుకుంది.

ఆమెతో నాకు పెద్దగా మాటల్లేవు. జుక్కల్ వైపు పిల్ల. మరాఠీ యాస కలిసిన తెలుగు, అదీ రోజుకు పది మాటలు. ఆ మధ్యాహ్నం మొగుడు భోజనం చేసి పడుకున్నాక, చిన్న గిన్నెలో చింతకాయ తొక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదటిసారి.

"నువ్వు సూసినవ్ గద," అంది, కూర్చోకుండానే.

"నీళ్లు మీరే పోసిండ్రా అక్కా?"

"రోజు పోసిన. పేడ గూడ ఏసిన. మొదలు ఒక్క మొలక వచ్చింది, ఉతికే బండకాడ. ఆయన సూడలే. నేను సూసిన. కోద్దామని కత్తి గూడ తెచ్చిన." ఆమె గిన్నె చేతులు మార్చుకుంది. "నా పెండ్లయిన ఏడు మా అమ్మగారింటి నుంచి సంపెంగ మొక్క తెచ్చి గా వాకిట్ల పెట్టుకున్న. ఇరవై రెండేండ్ల చెట్టు. పొద్దుగాల లేస్తే ఇల్లంత వాసన. కారు పెట్టనీకి టైల్సు ఏస్తనని, నేను పెండ్లికి వొయి వచ్చేటాలకు కొట్టేసిండు. ఏమన్న అంటే, చెట్టే గద అన్నడు."

నేను మూలన కూర్చున్న మా ఆయన వైపు చూశాను. ఆయన బుద్ధిమంతుడిలా లేచి బయటికి వెళ్లిపోయాడు.

"గీ మొలక ఆ టైల్సు ఎత్తుతదేమో సూద్దామని కత్తి లోపల పెట్టిన," అంది. "ఎత్తింది."

అప్పుడు ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. నాకూ ఆగలేదు. మూడేళ్లుగా నా పగ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. గోడ అవతల ఒకామె రోజూ దానికి నీళ్లు పోస్తోంది.

కందకం పూడ్చాక, టైల్స్ మళ్లీ వేయించేటప్పుడు ఆమె గోడ వెంట మూడడుగుల మట్టి వదలమంది. అంత పొడుగు మాట ఆమె మొగుడితో అనడం ఎప్పుడూ వినలేదని వాళ్లింటికి పనికి వచ్చే ఆవిడ నాతో చెప్పింది. పటేల్ అలాగే వదిలించాడట. అక్కడ ఇప్పుడు సంపెంగ మొక్క ఉంది, నా భుజం ఎత్తు. ఇంకా పూత రాలేదు. దాని పక్కన నేనిచ్చిన కిత్తనార పిల్లలు రెండు, కాపలాకు.

పటేల్‌తో నేను మాట్లాడను. ఎదురుపడితే ఆయన తల ఊపుతాడు, నేను ఊపను. తప్పయిందన్న మాట తీసుకున్నాను. మా అమ్మ చెట్టును అది తిరిగి తేలేదు కాబట్టి, మిగతాది నా దగ్గరే ఉంచుకున్నాను. మా ఆయన, ఇంకెన్నాళ్లు అంటాడు. తెలియదు అంటాను. నిజంగానే తెలియదు.

నా వైపు వెదురు ఇప్పుడు డాబా దాటి పెరిగింది. పసుపు బొంగులు, గాలి వస్తే వాన చప్పుడు. పోయిన ఎండాకాలం ఒకరోజు డాబా మీద వడియాలు తీస్తూ చూశాను. నడిమధ్యాహ్నం దాటాక వెదురు కొసలు అవతలికి వాలి, పటేల్ వాకిట్లో చల్లటి నీడ పరుస్తున్నాయి. ఆ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్లు చాపుకుని, నోరు తెరిచి ఆయన నిద్రపోతున్నాడు.

మర్నాడు ఆయన కుర్చీ వేసుకోకముందే కొడవలి పట్టుకుని నిచ్చెన ఎక్కాను. అవతలికి వాలిన కొసల్ని ఒక్కొక్కటిగా కోసి నా వైపు పడేస్తున్నాను. పై బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పటేల్ భార్య ఆగి చూసింది.

"సంపెంగకు నీడ తగులుతున్నదా అక్కా?" అని అడిగాను.

"గా మూలది ఉంచు, దానికి గావాలె," అంది. తర్వాత ఆయన కుర్చీ వేసుకునే చోటు చూపించి, "గది మొత్తం కొయ్యి," అంది.

కోశాను.